పది గంటల లైవ్ క్లాసు

స్టూడియో టెక్నీషియన్‌ని సాయంత్రం ఐదింటికి కోర్టులో హాజరుపరుస్తారు. ఒకసారి లోపలికి పంపాక ఆ ఫైలు మళ్లీ తెరిచి చూసే ఓపిక ఎవరికీ ఉండదని పెద్ద మేడమ్‌కి తెలుసు. పోలీసు శాఖలో ముప్ఫై రెండేళ్లు పనిచేసి, రిటైరయ్యాక సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న మనిషి ఆమె. యూనివర్సిటీ ఆన్‌లైన్ బోధనా కేంద్రంలో, డైరెక్టర్ గదిలో ఆమె కుర్చీ లాక్కుని కూర్చునేసరికి టైము రెండుంబావు.

చేతిలో ఉన్నది రెండు గంటల నలభై అయిదు నిమిషాలు.

పోలీసుల కథ సూటిగా ఉంది. మంగళవారం ఉదయం పది నుంచి పదకొండు దాకా స్టాటిస్టిక్స్ ప్రొఫెసర్ రెండో నంబరు స్టూడియో నుంచి లైవ్ క్లాసు చెప్పాడు. నాలుగు వందల పన్నెండు మంది విద్యార్థులు ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చుని ఆ క్లాసు చూశారు. పదకొండూ ఇరవైకి ఆయన అదే స్టూడియోలో నేల మీద శవమై కనిపించాడు. తల వెనక దెబ్బ. పక్కనే ఇనప కెమెరా స్టాండు. పదకొండు తర్వాత ఆ అంతస్తులో ఉన్నది టెక్నీషియన్ ఒక్కడే. మైకులు సరిగ్గా చూసుకోవడం లేదని, ఇతన్ని మార్చేయమని ప్రొఫెసర్ ఐదు రోజుల ముందే ఫిర్యాదు రాసిచ్చాడు. శవాన్ని పరీక్షించిన డాక్టరు తొమ్మిదిన్నరకీ పదకొండుంబావుకీ మధ్య ప్రాణం పోయిందన్నాడు. పదకొండు వరకు మనిషి పాఠం చెబుతూనే ఉన్నాడు కాబట్టి మిగిలింది ఆ చివరి పావుగంటే.

పెద్ద మేడమ్‌ని ఈ కేసులోకి లాక్కొచ్చింది టెక్నీషియన్ అక్క. ఆమెదీ ఇదే కేంద్రంలో ఉద్యోగం. పాఠాల వీడియోల కింద కనబడే అక్షరాలను, అదే కాప్షన్లను, సరిదిద్దే పని. తమ్ముడు మంచివాడనీ, చీమకు కూడా హాని చేయడనీ ఆమె చెప్పలేదు. "వాడికి కోపం ఎక్కువే మేడమ్. కోపమొస్తే తిండి మానేసి తలుపేసుకుంటాడు. మా ఇంట్లో పస్తులున్నది ఎప్పుడూ వాడే" అంది. ఆ ఒక్క మాటతో పెద్ద మేడమ్ కేసు ఒప్పుకుంది.

డైరెక్టర్ యాభై దాటిన మనిషి. మాట మెత్తన. అడిగినదానికల్లా తడుముకోకుండా జవాబు చెబుతున్నాడు. ఆ రోజు తను తొమ్మిదీ పదిహేనుకి వచ్చాడట. ప్రొఫెసర్ తొమ్మిదిన్నరకి వచ్చాడట. పదీ ముప్ఫై అయిదుకి తను బయల్దేరి, పదీ నలభై అయిదు నుంచి పన్నెండు వరకు వైస్ ఛాన్సలర్ మీటింగులో పన్నెండు మంది మధ్య కూర్చున్నాడట.

"నిమిషాలతో సహా గుర్తున్నాయే" అంది పెద్ద మేడమ్.

"పోలీసులు మూడుసార్లు అడిగారు మేడమ్. అప్పజెప్పడం వచ్చేసింది."

ఆమె కాగితాల్లోంచి ఒక ఉత్తరం కాపీ తీసింది. చనిపోవడానికి నాలుగు రోజుల ముందు ప్రొఫెసర్ డైరెక్టర్‌కి రాసింది. ఏ విద్యార్థి ఏ పాఠం పేజీ ఎప్పుడు తెరిచాడో, ఎంతసేపు చూశాడో, ఆ లెక్క మూడేళ్లది మొత్తం కావాలని అందులో ఉంది. డైరెక్టర్ దాన్ని చూసి విచారంగా నవ్వాడు. అంకెలంటే ఆయనకి పిచ్చి అన్నాడు. ఒకప్పుడు ఆన్‌లైన్ కోర్సుల్లో చేరిన పదిమందిలో నలుగురు మాత్రమే చివరిదాకా చదివేవారనీ, తను వచ్చాక ఎనిమిది మంది చదువుతున్నారనీ, ఈ పద్ధతి నేర్చుకోవడానికి వేరే యూనివర్సిటీలవాళ్లు వచ్చి వెళ్తున్నారనీ చెప్పాడు. చెబుతున్నంతసేపూ గొంతులో గర్వం దాగలేదు.

"మంగళవారం క్లాసు రికార్డింగు ఎందుకు లేదు?"

"ఆ బటన్ నొక్కాల్సింది టెక్నీషియన్. మర్చిపోయానంటాడు. చూశారుగా, ఫిర్యాదు ఊరికే రాలేదు."

క్లాసు కాగానే విద్యార్థుల తెర మీద చిన్న ఫారం వస్తుంది. ఈ రోజు పాఠం ఎలా ఉందో చెప్పమంటుంది. మంగళవారం అరవై ఒక్క మంది నింపారు. ఆ అరవై ఒకటీ ప్రింటు తీయించి పెద్ద మేడమ్ ఉదయం చదివింది. ప్రొఫెసర్ ముఖంలో భయమో, కంగారో ఎవరైనా గమనించారేమోనని వెతికింది. అలాంటిదేమీ దొరకలేదు కానీ, ఒక కాగితం మాత్రం ఆమె వేళ్ల మధ్య ఆగిపోయింది. 'ఈ రోజు కాప్షన్లు ఎంత బాగున్నాయో. ఇన్నాళ్లకి నాకు క్లాసు పూర్తిగా అర్థమైంది.'

"ఇది రాసిందెవరో చెప్పగలరా? పేరు లేదు" అంది.

ఇలాంటివి ఎవరూ చదవరు మేడమ్ అంటూ డైరెక్టర్ కంప్యూటరు వైపు తిరిగాడు. పేర్లు తెరిచి చూసే అధికారం తనకొక్కడికే ఉందట. రెండు నిమిషాల్లో వివరాలు రాసిచ్చాడు. పుట్టుకతోనే చెవులు వినపడని అమ్మాయి. తెల్లవారుజామున బేకరీలో పని, మిగతా టైములో చదువు.

"ఎందుకు మేడమ్? ఇదేమైనా ముఖ్యమా?"

"తెలీదు. తెలీనివి రాసుకోవడం నా అలవాటు" అంటూ పెద్ద మేడమ్ లేచింది.

* * *

రెండూ యాభైకి రెండో నంబరు స్టూడియో. గుమ్మంలో టెక్నీషియన్ అక్క నిలబడి ఉంది. లోపల ఇన్‌స్పెక్టర్ ఉన్నాడు.

పదేళ్ల కిందట అతను పెద్ద మేడమ్ కింద ఎస్సైగా పనిచేశాడు. కేసు డైరీ రాయడం అతనికి ఆమే నేర్పింది. అప్పట్లో నువ్వు అని పిలిచేది. ఇప్పుడు మీరు అంటోంది. ఆ గౌరవం అతనికి ముల్లులా గుచ్చుకుంటుందని ఇద్దరికీ తెలుసు.

"రిటైరైనవాళ్లు హాయిగా వాకింగ్‌కి వెళ్తారు మేడమ్" అన్నాడతను.

"వెళ్తూనే ఉన్నాను. అక్కడ తప్పు మనిషిని లోపలేస్తున్నవాళ్లెవరూ కనబడ్డం లేదు."

ఆమె కోర్టు ఇచ్చిన అనుమతి కాగితం చూపించింది. గంటసేపు చూసుకోవచ్చు, ఏదీ తీసుకెళ్లకూడదు. ఇన్‌స్పెక్టర్ చేతులు కట్టుకుని గోడకి జారబడ్డాడు.

గది చిన్నది. ఒక బల్ల, బల్ల మీద కంప్యూటరు, ఎదురుగా కెమెరా, వెనక ఆకుపచ్చ గుడ్డ. తలుపు పక్కన కొక్కేనికి బూడిదరంగు కోటు. ఇక్కడ పాఠం చెప్పే లెక్చరర్లందరూ కెమెరా ముందు ఆ కోటే తొడుక్కుంటారు, పొడుగు పొట్టి తేడా లేకుండా. వెనక ఆకుపచ్చ తెర ఉంది కాబట్టి ఎవరి చొక్కా ఏ రంగో అన్న గొడవ లేకుండా పెట్టిన ఏర్పాటట. అంటే ఒక ప్రొఫెసర్ క్లాసు ఏ రోజుది చూసినా బట్టలు ఒకేలా కనిపిస్తాయి. పెద్ద మేడమ్ అక్కడ కాసేపు ఆగింది.

కోటు కాలరుకి మైకు తగిలించే ఉంది. ఆమె జేబులోంచి చేతి తొడుగులు తీసి వేసుకుని, మైకు పెట్టె మీది బటన్ నొక్కింది. చిన్న తెర వెలిగింది. బ్యాటరీ గుర్తులో మూడు గీతలూ నిండుగా ఉన్నాయి. గోడకి వేలాడుతున్న రిజిస్టరులో టెక్నీషియన్ చేతిరాత: మంగళవారం, తొమ్మిదీ ఇరవై, స్టూడియో రెండు, కొత్త బ్యాటరీలు. పాత పేజీలు తిప్పితే ప్రతి క్లాసు తర్వాతా ఒకటే మాట. గంట క్లాసుకి ఒక గీత తగ్గింది.

"ఈ మైకులో ఎవరూ గంటసేపు మాట్లాడలేదు" అంది.

"క్లాసయ్యాక మీవాడే బ్యాటరీలు మార్చి ఉంటాడు."

"మనిషిని చంపి, శవం పక్కన నిలబడి బ్యాటరీలు మార్చి, పారిపోకుండా తనే మీకు ఫోన్ చేశాడా?"

"మైకులు సరిగ్గా చూసుకోవడం లేదని ఫిర్యాదు వచ్చినవాడు కదా మేడమ్. జాగ్రత్త పెరిగిందేమో."

గుమ్మంలో అక్క ముఖం కందిపోయింది.

బల్ల మీద ప్రొఫెసర్ నోటుపుస్తకం ఉంది. చివరి పేజీ నిండా టైములు ఒకదాని కింద ఒకటి రాసి ఉన్నాయి. పక్కన ఎర్ర సిరాతో తేడాలు. నలభై సెకన్లు, నలభై సెకన్లు, నలభై సెకన్లు, కిందిదాకా అదే. క్లాసులో చెప్పడానికి రాసుకున్న లెక్క అని ఇన్‌స్పెక్టర్ కొట్టిపారేశాడు. పెద్ద మేడమ్ ఆ పేజీ మీద వేలు పెట్టి అక్కని దగ్గరికి పిలిచింది.

అక్క వంగి చూసింది. "ఇవి స్టూడెంట్లు పేజీలు తిప్పిన టైములు మేడమ్. కానీ మనుషులు ఇలా చదవరు. ఒకచోట ఆగుతారు, వెనక్కెళ్తారు, మధ్యలో లేచి నీళ్లు తాగొస్తారు. ఇలా నలభై సెకన్లకోసారి తిప్పేది మిషనే."

అంటే చదవని విద్యార్థులు చదివినట్టు ఎవరో లెక్క పుట్టించారు. ప్రొఫెసర్ పట్టుకున్నాడు. మూడేళ్ల లెక్కలు అడిగాడు. నాలుగు రోజుల తర్వాత చనిపోయాడు.

ఇన్‌స్పెక్టర్ గోడ వదిలి ముందుకొచ్చాడు. "బాగానే ఉంది. కానీ క్లాసు పదకొండు దాకా జరిగింది. నాలుగు వందల పన్నెండు మంది చూశారు. వాళ్లందర్నీ అబద్ధాలకోర్లంటారా?"

పెద్ద మేడమ్ కాప్షన్లు బాగున్నాయన్న కాగితం తీసి అక్క చేతికిచ్చింది. అక్క చదివింది. మళ్లీ చదివింది.

ఆమె చెప్పిన సంగతి ఇది. లైవ్ క్లాసుల్లో కాప్షన్లు మిషను వేస్తుంది. మాట అన్నాక మూడు నాలుగు సెకన్లకి గానీ తెర మీదికి రావు. ఫుల్‌స్టాప్ ఉండదు, ఎక్కడ వాక్యం అయిందో తెలీదు. వాటిని చూసి ఎవరూ మెచ్చుకోరు, తిట్టుకుంటారు. ముందే రికార్డు చేసి ఉంచిన పాఠాలు మాత్రం ఆమె చేతి మీదుగా వెళ్తాయి. ఒక్కో వాక్యం విని, సరిచేసి, పెదవులు కదిలే టైముకి అక్షరాలు పడేలా కూర్చుతుంది. గంట పాఠానికి రెండు రోజుల పని.

"లెక్చరర్‌కి జ్వరమొస్తే నిలవ పాఠం వేస్తారు మేడమ్. అలా అని మేమే పేరు పెట్టుకున్నాం. రికార్డు చేసిందాన్నే లైవ్ అని నడిపిస్తారు. తెర మీద లైవ్ అని ఎర్రగా పడుతుంది, స్టూడియో బయట ఎర్ర లైటూ వెలుగుతుంది. పిల్లలకి తెలీదు. పక్క స్టూడియోలో ఉన్న మా తమ్ముడికీ తెలీదు. ప్రొఫెసర్‌గారు పోయిన నెల ఒక పాఠం అలా ఇచ్చి ఉంచారు. అది నేనే సరిచేశాను. అదే మంగళవారం చెప్పాల్సిన పాఠం."

ఆ వీడియో ఇప్పుడు ఎక్కడుందని పెద్ద మేడమ్ అడిగింది. అక్క కంప్యూటర్లో వెతికింది. లేదు. మంగళవారమే ఎవరో తీసేశారు. ఆమె దగ్గర మిగిలింది తను సరిచేసిన మాటల కాపీ ఒక్కటే.

లెక్క ఇప్పుడు తలకిందులైంది. క్లాసు నిలవ పాఠమైతే ప్రొఫెసర్ పదికి ముందే చనిపోయి ఉండొచ్చు. టెక్నీషియన్ తొమ్మిదీ ఇరవై అయిదు నుంచి పదీ యాభై అయిదు వరకు ఒకటో నంబరు స్టూడియోలో కెమిస్ట్రీ లెక్చరర్ కళ్లెదుటే ఉన్నాడు. పదకొండు గంటలకి మీటింగులో పన్నెండు మంది మధ్య కూర్చున్న మనిషి మాత్రం తొమ్మిదీ పదిహేను నుంచి పదీ ముప్ఫై అయిదు దాకా ఇక్కడే ఉన్నాడు.

ఇన్‌స్పెక్టర్‌కి ఆ లెక్క అర్థం కాకపోలేదు. అయినా తల అడ్డంగా ఊపాడు. "తమ్ముడు నిందితుడు. అక్క సాక్షి. సాక్ష్యం అక్క కంప్యూటర్లో అక్క టైపు చేసిన కాగితం. దీన్ని పట్టుకుని డైరెక్టర్ మీద చెయ్యి వేస్తే నా ఉద్యోగం ఏమవుతుందో మీకు తెలీదా మేడమ్?"

"తెలుసు. అందుకే అక్కతో పని లేని సాక్షిని అడుగుదాం. ఆ మాత్రం టైము ఇవ్వండి."

"ఐదింటికి కోర్టు."

"నాలుగింటికే వదిలేస్తాను మిమ్మల్ని."

* * *

బేకరీ అమ్మాయికి మెసేజ్ పెట్టి, ఆమె చూసి, వీడియో కాల్‌లోకి వచ్చేసరికి మూడూ నలభై అయింది. ఇరవై రెండేళ్లుంటాయి. జుట్టు వెనక్కి లాగి కట్టింది. ఒంటిగది ఇల్లు. ఆమె వెనక మంచం, పుస్తకాలు, ఇంకా వెనక వీధి తలుపు కనబడుతున్నాయి. పెద్ద మేడమ్ ప్రశ్నలు టైపు చేసింది. అమ్మాయి వేళ్లు చకచకా జవాబిచ్చాయి.

మంగళవారం క్లాసు ఆమెకి పండగలా ఉందట. మిగతా రోజుల్లో ప్రొఫెసర్ పెదవులు ఒకటి చెబుతుంటే కింద అక్షరాలు అంతకుముందు వాక్యం దగ్గరే తడబడుతుంటాయి. ఆ రోజు రెండూ కలిసి నడిచాయి. ప్రశ్నలు అడిగే పెట్టె మాత్రం మూసేసి ఉంది. సార్‌కి ఒంట్లో బాగోలేదనుకున్నానని రాసింది.

'తెర ఫోటోలు ఏమైనా తీశారా?' అని పెద్ద మేడమ్ అడిగింది.

'నేను నోట్సు రాసుకోలేను. రాయడానికి తల దించితే పాఠం పోతుంది. అందుకే ప్రతి క్లాసూ ఫోటోలు తీస్తాను.'

మూడు ఫోటోలు వచ్చాయి. ఒక్కోదాని మూలన తేదీ, టైము ఉన్నాయి. పదీ పన్నెండు, పదీ ముప్ఫై ఒకటి, పదీ యాభై. బూడిదరంగు కోటులో ప్రొఫెసర్, కింద రెండేసి వరుసల అక్షరాలు. అక్క తన కాపీ పక్కన పెట్టింది. ఇన్‌స్పెక్టర్ స్వయంగా వేలు పెట్టి ఒక్కో మాటా పోల్చాడు. మూడు చోట్లా కామాతో సహా ఒకటే.

అతను కాలరు సర్దుకున్నాడు. "మీ తమ్ముణ్ణి ఈ పూట కోర్టుకి తీసుకెళ్లనమ్మా" అన్నాడు చివరికి, అక్క వైపు చూడకుండా.

అక్క రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. భుజాలు కదులుతున్నాయి, చప్పుడు లేదు.

అప్పుడే తెర మీద అమ్మాయి మరో వాక్యం పంపింది. 'ఒక సంగతి అడగొచ్చా? ఇందాక సార్ అకౌంటు నుంచి నాకు మెసేజ్ వచ్చింది. సార్ చనిపోయారు కదా?'

ఇన్‌స్పెక్టర్ బల్ల మీదికి వంగాడు. "ఆ అకౌంటు మూసేయమని నేను డైరెక్టర్‌కి బుధవారమే చెప్పాను. మూసేశానన్నాడు." టెక్నీషియన్ లాకప్పులో ఉన్నాడు, అతని ఫోను తన జీపులో సీలు వేసి ఉంది. ఆ సంగతి అతను పైకి చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు. ఎవరి అకౌంటులోకైనా పాస్‌వర్డ్ లేకుండా వెళ్లగలిగేది ఈ కేంద్రంలో డైరెక్టర్ ఒక్కడేనని అక్క గొణిగింది.

'ఏమని వచ్చింది?' పెద్ద మేడమ్ వేళ్లు రెండుసార్లు తప్పు అక్షరం మీద పడ్డాయి.

'మంగళవారం క్లాసు ఫోటోలు ఉన్నాయా అన్నారు. ఉన్నాయన్నాను. ఇంట్లో ఒక్కదానివే ఉన్నావా అన్నారు. ఆఫీసువాళ్లు సార్ అకౌంటు వాడుతున్నారేమో అనుకుని ఔనన్నాను. తప్పా?'

పెద్ద మేడమ్ కీబోర్డు మీంచి చెయ్యి తీసింది. ఈ అమ్మాయి ఒకతె ఉందనీ, ఆమె రాసిన రెండు వాక్యాలకి విలువుందనీ ఆ మనిషికి చెప్పింది ఎవరో కాదు. ముప్ఫై రెండేళ్ల సర్వీసు వెనకేసుకుని, అతని ఎదురుగా కుర్చీ వేసుకుని, కాగితం చేతికందించి తనే చెప్పింది. చిరునామా వెతుక్కునే శ్రమ కూడా అతనికి లేదు. చేరిన రోజున ఆ అమ్మాయే ఫారంలో నింపి ఇచ్చింది.

ఇన్‌స్పెక్టర్ అప్పటికే ఫోను చెవికి ఆనించుకున్నాడు. డైరెక్టర్ ఆఫీసులో లేడు. తలనొప్పి అని మూడూ పదికే వెళ్లిపోయాడట. అతను ఇంకో నంబరు నొక్కి అమ్మాయి చిరునామా చెప్పాడు. అవతలి జవాబు విని ముఖం బిగించాడు.

"దగ్గర్లో ఉన్న బండికి ఎనిమిది నిమిషాలు పడుతుందట."

"నువ్వు కూడా బయల్దేరు" అంది పెద్ద మేడమ్. పదేళ్ల తర్వాత అతన్ని నువ్వు అని పిలిచిందని ఇద్దరిలో ఎవరూ గమనించలేదు. అతను పరుగెత్తాడు.

తెర మీద అమ్మాయి ఇంకా జవాబు కోసం చూస్తోంది. ఆమె వెనక, వీధి తలుపు పైన, గోడకి ఉన్న చిన్న బల్బు వెలిగింది. ఆరింది. మళ్లీ వెలిగింది. బెల్లు వినపడని మనిషి ఇంట్లో అది ఎందుకుంటుందో పెద్ద మేడమ్‌కి ఒకరు చెప్పక్కర్లేదు. బయట ఎవరో బెల్లు నొక్కుతున్నారు, ఆపకుండా. అమ్మాయి వీపు అటు ఉంది.

'తలుపు తీయకు. లోపల గడియ వేసుకో' అని పెద్ద మేడమ్ టైపు కొట్టింది.

అమ్మాయి చదివింది. తల తిప్పి బల్బు వైపు చూసి, లేచి నిలబడింది. ఆ వెలుగు ఒక్కసారి ఆమె చెంప మీద పడి పోయింది. మళ్లీ ఇటు తిరిగి, నిలబడే, ఒంటి చేత్తో రెండు మాటలు టైపు చేసింది.

'గడియ ఊడిపోయింది.'

బల్బు వెలగడం ఆగింది. తలుపు పిడి మెల్లగా కిందికి వంగింది.